తంత్రి కదలిక స్వరమగుట ఎట్లు?

1978వ సంవత్సరములో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవములు జరుగుతున్న సందర్భములో, పదేండ్లు నిండని బాలుడొకడు మాండొలిన్ పట్టుకొని వేదిక ఎక్కినాడు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆ ఉప్పలపు శ్రీనివాస్ తరువాత మాండొలిన్ శ్రీనివాస్‌గా లోకప్రసిద్ధుడైనాడు. 2014లో ఆయన చెన్నైలో కన్నుమూసేవరకు రసికులు ఆయన చేతిలో చూచిన వాద్యము విద్యుత్ మాండొలిన్.

మామూలు మాండొలిన్ ఇటలీలో పుట్టినది. దాని తంత్రులు పొట్టివి, జంటలు జంటలుగా ఉంటాయి. మీటగానే ఖంగున మ్రోగి వెంటనే ఆరిపోతాయి. కర్ణాటక సంగీతమునకు ప్రాణమైన గమకము పలకాలంటే, ఒక స్వరమునుండి మరొక స్వరమునకు జారే వ్యవధిలో నాదము నిలిచి ఉండాలి. శ్రీనివాస్ జంట తంత్రులు తీసివేసి ఒంటి తంత్రులు పెట్టుకొన్నాడు. మంద్రస్థాయి కొరకు అయిదవ తంత్రి చేర్చుకొన్నాడు. తంత్రుల క్రింద ఉన్న ఒక చిన్న పెట్టె, ఆరిపోబోతున్న సన్నని కంపనమును కూడ పట్టి విద్యుత్తుగా మార్చి, లౌడుస్పీకరుకు అందించినది. ఆ పెట్టె పేరు పికప్.

ఈ పికప్ విషయమై వ్రాయవలసిన అవసరము నాకు ఒక విద్యార్థివలన కలిగినది. విజయవాడలో మా డిగ్రీ తరగతిలో చదివే ఆ కుర్రవాడు ఆదివారములు తమ ఊరి చర్చిలో బేస్ గిటారు వాయిస్తాడు. ఒక సాయంకాలము వాద్యమును భుజాన వేసుకొని ప్రయోగశాలకు వచ్చినాడు.

"మాస్టారూ, దీనిలో గుర్రుమనే శబ్దము పాటకంటె ముందు వినబడుతున్నది. నాలుగో తంత్రి మొద్దుగా పలుకుతున్నది. పికప్‌లు మార్పించమని అందరూ అంటున్నారు. కొంత డబ్బు కూడబెట్టినాను. మార్చమంటారా?" అన్నాడు.

"మార్చేముందు అది ఏమి చేస్తుందో తెలుసుకొందాము, కూర్చో" అన్నాను. క్రిస్మసు కార్యక్రమమునకు ఇంక మూడు వారములే ఉన్నది. అతని డబ్బు వృథా కారాదు. ఆ సాయంకాలము మేము చేసిన పరీక్షలను ఇక్కడ వివరిస్తాను. వానిలో ఎక్కువభాగము ఉన్నత పాఠశాలలో చేయదగినవే.

పికప్ దేనిని పట్టుకొంటుంది?

పికప్‌ను చాలమంది చిన్న మైక్రోఫోను అనుకొంటారు. అది నిజము కాదు. మైక్రోఫోను గాలిలోని ఒత్తిడి మార్పులను గ్రహిస్తుంది. పికప్‌కు గాలితో పని లేదు. దాని దగ్గర ఎంత గట్టిగా మాట్లాడినా మాట స్పీకరులో దాదాపు వినరాదు. అది పట్టుకొనేది తన ఎదుట ఉన్న ఉక్కు తంత్రి కదలికను మాత్రమే.

దాని నిర్మాణము సులభము. ప్రతి తంత్రి క్రింద ఒకటో రెండో చిన్న అయస్కాంతపు కడ్డీలు ఉంటాయి. ఆ కడ్డీల చుట్టూ వెంట్రుకవంటి రాగితీగను వేల చుట్లు చుడతారు. సాధారణముగా వాడే తీగ మందము 0.063 మి.మీ.; అంటే పదహారు తీగలు ప్రక్కప్రక్కన పేర్చితే ఒక మిల్లీమీటరు. బేస్ గిటారు పికప్‌లలో చుట్ల సంఖ్య 8,000 నుండి 10,000 వరకు ఉండుట మామూలు.

అయస్కాంతము తన పైనున్న ఉక్కు తంత్రిని కూడ కొద్దిగా అయస్కాంతముగా మారుస్తుంది. తంత్రిని మీటినప్పుడు అది కడ్డీకి దగ్గరగా, దూరముగా ఊగుతుంది. దానితో తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహము హెచ్చుతగ్గులు పొందుతుంది. అభివాహము మారినప్పుడెల్ల చుట్టలో విద్యుచ్ఛాలక బలము పుడుతుందని మైకేల్ ఫారడే 1831లోనే చూపించినాడు. తంత్రి సెకనుకు 55 సార్లు ఊగితే విద్యుత్తు కూడ 55 సార్లు ఊగుతుంది. ఈ సూత్రముమీద పనిచేసే గిటారును అమెరికాలో జార్జ్ బీచమ్ 1931 ప్రాంతమున తయారుచేసినాడు. 1951లో లియో ఫెండర్ సంస్థ బేస్ గిటారును విపణిలో పెట్టినది.

మన ప్రయోగశాలలోనే దీనిని చూడవచ్చును. సోనోమీటరుకు ఉక్కుతీగ బిగించండి. దాని క్రింద, తగలకుండా, ఒక దండాయస్కాంతమును నిలువుగా పెట్టండి. పాత రిలేనుండి తీసిన తీగచుట్టను ఆ అయస్కాంతమునకు తొడిగి, చుట్ట కొనలను చిన్న ఆంప్లిఫయరు మైకు ద్వారమునకు కలపండి. తీగను మీటితే స్పీకరు పలుకుతుంది. ఇప్పుడు ఉక్కుతీగ తీసి ఇత్తడితీగ బిగించి మీటండి. చెవికి తీగ వినబడుతూనే ఉంటుంది, స్పీకరు మాత్రము మౌనము వహిస్తుంది. ఇత్తడి అయస్కాంతమునకు లొంగదు గనుక తీగ ఎంత ఊగినా అభివాహము మారదు.

వీణకు వచ్చే చిక్కు

ఇత్తడితీగ ప్రయోగము ఏదో వినోదమునకు చెప్పినది కాదు. విజయవాడకు దూరము కాని నూజివీడు వీణల తయారీకి పేరుపడ్డది. అక్కడ పనసకర్రతో చేసిన వీణలు ఎన్నో ఇండ్లలో ఉన్నాయి. వీణపై వాయించే తంత్రులు నాలుగు. సంప్రదాయమును బట్టి పై స్థాయి తంత్రులు రెండు ఉక్కువి. మంద్ర, అనుమంద్ర తంత్రులు ఇత్తడివో కంచువో. అటువంటి వీణకు గిటారు పికప్ బిగిస్తే సారణి, పంచమము చక్కగా పలుకుతాయి, మంద్రములు నీరసించిపోతాయి. 'పికప్ చెడిపోయినది' అని మరొకటి కొన్నా ఫలితము అదే.

అందుచేత అటువంటి వీణకు రెండు మార్గములు ఉన్నాయి. మంద్ర తంత్రులను ఉక్కుతీగపై ఉక్కు చుట్టిన రకమునకు మార్చుకొనుట ఒకటి. పీజో పికప్ వాడుట రెండవది. కొన్ని స్ఫటికములను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టినారు. పీజో పికప్ ఆ ధర్మముతో పనిచేస్తుంది. దానిని వాద్యపు కర్రకు అంటిస్తే కర్రలోని అదురును గ్రహిస్తుంది. తంత్రి ఏ లోహముదైనా దానికి ఒకటే.

బేస్ గిటారు కొనేవారికి కూడ ఈ పాఠము వర్తిస్తుంది. దానికి ఉక్కుపై నికెలు పూత గల తీగ చుట్టిన తంత్రులు ఉండాలి. కంచుతీగ చుట్టిన తంత్రులు వేస్తే పికప్‌కు కనబడేది లోపలి సన్నని ఉక్కు మాత్రమే.

ఎక్కడ పెట్టినారు?

తంత్రి ఆనుకొనే బ్రిడ్జిని మన వైణికులు గుర్రము అంటారు. బేస్ గిటారులో పికప్ గుర్రమునకు ఎంత దూరములో ఉన్నదనేది స్వరపు రంగును నిర్ణయిస్తుంది.

మీటిన తంత్రి ఒక్క పౌనఃపున్యముతో కంపించదు. మొత్తము తంత్రి ఒక భాగముగా ఊగుట మూలస్వరము. రెండు, మూడు, నాలుగు భాగములుగా ఊగుట అనుస్వరములు. ఇవన్నీ ఒకేసారి జరుగుతాయి. వీనిలో ఏది ఎంత పాలు ఉన్నదో దానినిబట్టి మన చెవికి స్వరము నిండుగానో, కరుకుగానో తోస్తుంది.

సాధారణ బేస్ గిటారు తంత్రి పొడవు 34 అంగుళములు, అంటే సుమారు 864 మి.మీ. గుర్రమునుండి ఇందులో అయిదవవంతు, 173 మి.మీ. దూరములో ఒక పికప్ ఉన్నదనుకొందాము. తంత్రి అయిదు భాగములుగా ఊగినప్పుడు ఆ చోట అస్పందన స్థానము వస్తుంది. కదలనిదానిని పికప్ పట్టలేదు. కావున ఏ మెట్టుమీదా నొక్కని తంత్రిలోని అయిదవ అనుస్వరము ఆ పికప్‌కు లేనట్లే. అదే చోట మూలస్వరపు కదలిక, తంత్రి మధ్యలో ఉండే గరిష్ఠ కదలికలో 59 శాతము ఉంటుంది. మరొక పికప్‌ను గుర్రమునుండి పన్నెండవవంతులో, 72 మి.మీ. దూరములో పెడితే మూలస్వరము అక్కడ 26 శాతమే. రెండవ అనుస్వరము మాత్రము 50 శాతము ఉంటుంది. అందువలననే గుర్రమునకు దూరపు పికప్ నిండుగాను, దగ్గరి పికప్ పదునుగాను పలుకుతాయి.

దీనిలో ఒక నీతి ఉన్నది. కొత్త పికప్‌ను పాతదాని గుంటలోనే బిగిస్తాము. చోటు మారదు. కనుక చోటువలన వచ్చిన గుణము కూడ పెద్దగా మారదు. 'గుర్రము దగ్గర పికప్ పలుచగా ఉన్నది' అని దానిని ఎన్నిసార్లు మార్చినా అది దూరపు పికప్‌వలె నిండుగా పలకజాలదు.

చుట్లు పెంచితే ఏమగును?

ప్రకటనలలో 'ఎక్కువ శక్తిగల పికప్' అనే మాట తరచు కనబడుతుంది. శక్తి పెంచుటకు సులువైన మార్గము చుట్లు పెంచుట. కాని ప్రకృతి ఏదీ ఊరకే ఇవ్వదు.

తీగచుట్టకు ప్రేరకత్వము ఉంటుంది. గిటారునుండి ఆంప్లిఫయరుకు పోయే కేబులుకు కెపాసిటీ ఉంటుంది. ఈ రెండూ కలిసి ఒక అనునాద వలయము అవుతాయి. ఆ అనునాద పౌనఃపున్యము దగ్గర స్వరము కొంచెము ఉబ్బుతుంది. దానికి పైన త్వరగా తగ్గిపోతుంది. ప్రేరకత్వమును కెపాసిటీతో గుణించి, వర్గమూలము తీసి, దానిని పై విలువకు రెట్టింపుతో గుణించి, ఆ లబ్ధముతో ఒకటిని భాగిస్తే అనునాద పౌనఃపున్యము వస్తుంది. ఇంటరులో చదివిన సూత్రమే ఇది.

పికప్ ప్రేరకత్వము 4 హెన్రీలు, అయిదు మీటర్ల కేబులు కెపాసిటీ 500 పికోఫారడులు అనుకొందాము. లెక్కవేస్తే సుమారు 3,560 హెర్ట్జులు వస్తుంది. ఇప్పుడు అదే పికప్‌కు చుట్లు నాలుగోవంతు పెంచినామనుకొనండి. వోల్టేజి కూడ సుమారు నాలుగోవంతు పెరుగుతుంది. డెసిబెల్‌లలో అది రెండు మాత్రమే. ఆంప్లిఫయరు మీది గుండీని కొంచెము త్రిప్పితే వచ్చే లాభమే. ప్రేరకత్వము చుట్ల వర్గమును అనుసరించి పెరుగుతుంది గనుక 6.25 హెన్రీలు అవుతుంది. అనునాదము 2,850 హెర్ట్జులకు దిగిపోతుంది. స్వరము కొంచెము బలపడినది, కొంచెము మసకబారినది. అది కొందరికి ఇష్టము, కొందరికి కాదు. కాని 'ఎక్కువ శక్తి' అంటే 'ఎక్కువ మంచిది' అనుకొనుట పొరపాటు.

అట్లే కేబులును రెట్టింపు పొడవు చేసినా కెపాసిటీ రెట్టింపై, మొదటి పికప్‌లోనే అనునాదము సుమారు 2,520 హెర్ట్జులకు తగ్గుతుంది. స్వరము మొద్దుబారినదని పికప్‌ను నిందించేముందు కేబులును కొలవడము మంచిది.

మరీ బలమైన అయస్కాంతమువలన ఇంకొక ఇబ్బంది. అది తంత్రిని తనవైపు లాగుతుంది. లాగబడిన తంత్రి స్వేచ్ఛగా ఊగలేదు; నాదము త్వరగా ఆరిపోతుంది, శ్రుతి చలిస్తుంది. మామూలు పికప్‌ను తంత్రికి మరీ దగ్గరగా ఎత్తినా ఇదే జరుగుతుంది. చివరి మెట్టుమీద తంత్రిని నొక్కిపట్టినప్పుడు తంత్రికి, పికప్‌కు మధ్య 2 నుండి 3 మి.మీ. ఎడము ఉంటే మొదలుపెట్టుటకు చాలును.

గుర్రుమనే శబ్దము ఎక్కడిది?

మన దేశములో విద్యుత్ సరఫరా సెకనుకు 50 ఆవృత్తులు గలది. ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు, దీపములకు పోయే తీగలు - వీని చుట్టూ ఆ పౌనఃపున్యముతో మారే అయస్కాంత క్షేత్రము వ్యాపించి ఉంటుంది. పికప్‌లోని వేల చుట్ల తీగచుట్టకు తంత్రివలన కలిగే మార్పు ఏదో, ట్రాన్స్‌ఫార్మరువలన కలిగే మార్పు ఏదో తెలియదు. రెండింటినీ సమానముగా స్పీకరుకు అందిస్తుంది.

బేస్ గిటారుకు ఇది మరీ ఇబ్బంది. దాని నాలుగు తంత్రుల పౌనఃపున్యములు క్రమముగా సుమారు 41, 55, 73, 98 హెర్ట్జులు. గుర్రుమనే శబ్దము 50 వద్ద, దాని గుణిజములైన 100, 150 వద్ద ఉంటుంది. అది సరిగా బేస్ ఉన్న వీధిలోనే కాపురమున్నది! 98 హెర్ట్జుల తంత్రిని మీటినప్పుడు శబ్దములో 100 హెర్ట్జుల భాగము ఉన్నచో సెకనుకు రెండు విస్పందనములు వినబడతాయి. మన విద్యార్థులు శ్రుతిదండములతో చేసే విస్పందన ప్రయోగము ఇక్కడ అడగకుండానే జరుగుతుంది. బేస్ స్వరమును తగ్గించకుండ ఈ శబ్దమును మాత్రము గుండీతో తగ్గించుట అసాధ్యము.

దీనికి ఒక చక్కని ఉపాయము ఉన్నది. గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో గిటారు కొరకు దానిని రూపొందించినాడు. రెండు తీగచుట్టలు తీసుకొంటారు. ఒకదానిలో ఉత్తర ధ్రువము పైకి, రెండవదానిలో దక్షిణ ధ్రువము పైకి ఉంచుతారు. చుట్టలను పరస్పరము వ్యతిరేక దిశలలో కలుపుతారు. బయటనుండి వచ్చే క్షేత్రమునకు ధ్రువములతో పని లేదు. అది రెండు చుట్టలలోను సమానమైన విద్యుత్తును పుట్టిస్తుంది. చుట్టలు వ్యతిరేకముగా ఉన్నందున ఆ రెండూ కొట్టివేసుకొంటాయి. తంత్రి కదలికకు మాత్రము ధ్రువమూ మారినది, చుట్టూ మారినది. రెండు మార్పులు కలిసి మార్పు లేకుండ చేస్తాయి. రెండు సంకేతములు కూడుకొంటాయి. ఋణమును ఋణముతో గుణిస్తే ధనము వచ్చినట్లు! 1957లో ఫెండర్ బేస్ పికప్‌ను రెండు ముక్కలుగా విడదీసి, రెండేసి తంత్రులకు ఒక్కొక్క చుట్ట పెట్టినది కూడ ఈ సూత్రముతోనే పనిచేస్తుంది.

మా విద్యార్థి వాద్యములో రెండు విడి పికప్‌లు ఉన్నాయి. రెండింటి గుండీలను సమానముగా తెరిస్తే శబ్దము కొంత తగ్గుతున్నది. ఒకదానిని మూస్తే పెరుగుతున్నది. అంటే ఆ రెండూ ఇట్టి జంటయే అన్నమాట. దిక్సూచిని పికప్‌ల దగ్గరకు తెచ్చినాము. ఒకదానివద్ద ముల్లు ఉత్తరపు కొనతో వాలినది, రెండవదానివద్ద దక్షిణపు కొనతో వాలినది. ఊహ నిజమైనది.

ఇటువంటి జంటలో ఒక్కదానినే మార్చేవారు జాగ్రత్తపడాలి. కొత్తదాని ధ్రువము, చుట్టు దిశ పాతదానికి తగినట్లు లేకపోతే రెండు ప్రమాదములు. ధ్రువములు రెండూ ఒకటే అయితే శబ్దము కొట్టివేయబడదు. ధ్రువములు వేరైనా చుట్టు దిశ తప్పితే తంత్రి సంకేతములే ఒకదానినొకటి కొట్టివేసుకొని బేస్ మాయమవుతుంది. రెండవదానిని పరీక్షించుటకు ముల్లుగల మల్టీమీటరును పికప్ తీగలకు కలిపి, స్క్రూడ్రైవరు కొనను కడ్డీమీదికి చటుక్కున తేవాలి. రెండు పికప్‌లకూ ముల్లు ఒకే వైపు ఉలికిపడాలి.

మేము కనిపెట్టినది

సూత్రములు తెలిసిన తరువాత వాద్యమును పరీక్షించినాము. నేను మొదట పికప్ తీగ ఎక్కడో తెగి ఉండవచ్చునని అనుకొన్నాను. మల్టీమీటరుతో కొలిస్తే ఒకదాని నిరోధము 7.5 కిలో ఓములు, రెండవదానిది 7.7 కిలో ఓములు. రెండూ ఆరోగ్యముగా ఉన్నాయి. నా ఊహ తప్పు.

తరువాత ఒక చిన్న పరీక్ష. వాద్యమును ఆంప్లిఫయరుకు కలిపి తంత్రులను చేతితో తాకితే శబ్దములో ఏమియు మార్పు లేదు. కేబులు దూర్చే చోటనున్న లోహపు బిళ్ళను తాకితే శబ్దము సగానికి పైగా తగ్గినది. ఇందులో కీలకమున్నది. వాయించేవాని శరీరము చుట్టుప్రక్కల విద్యుత్ తీగలనుండి 50 హెర్ట్జుల విద్యుత్ క్షేత్రమును గ్రహించి వాద్యమునకు అందిస్తుంది. గుర్రమునుండి వాద్యపు భూతీగకు ఒక చిన్న తీగ లోపల కలుపబడి ఉంటుంది. అది సరిగా ఉన్నప్పుడు తంత్రిని తాకగానే శరీరము కూడ ఆ భూతీగతో కలిసి, శబ్దమును పుట్టించుట మాని దానికి అడ్డుగోడ అవుతుంది. వాద్యమును ఆంప్లిఫయరునుండి విడదీసి మూత విప్పిచూస్తే ఆ తీగ అతుకు ఊడి వ్రేలాడుతున్నది. ఒక చుక్క సోల్డరుతో అతికినాము.

నాలుగో తంత్రి సంగతి కూడ అంతే. ఆవైపు పికప్ బాగా క్రిందికి దిగిపోయి ఉన్నది. రెండు మరలు త్రిప్పి ఎత్తినాము. తంత్రి కూడ చాల పాతది. బేస్ తంత్రి చుట్ల మధ్య చెమట, మట్టి చేరితే పై అనుస్వరములు త్వరగా చచ్చిపోతాయి. బందరువైపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో తుప్పు కూడ తోడవుతుంది. కొత్త తంత్రుల జత వేయగానే మొద్దుతనము పోయినది. కూడబెట్టిన డబ్బులో ఖర్చయినది చాల కొంచెము.

ప్రాణముతో ఉన్న లెక్క

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. తంత్రులు భూతీగకు కలిసి ఉన్నాయని చెప్పినాను. ఆ భూతీగ కేబులు గుండా ఆంప్లిఫయరు లోహపు చట్రమునకు చేరుతుంది. అక్కడనుండి మూడు ముళ్ళ ప్లగ్గులోని లావు ముల్లు ద్వారా నేలలోనికి పోవాలి. ఆ ముల్లు లేకపోయినా, పందిటిలో వేసిన తాత్కాలికపు సాకెట్టుకు ఎర్తు లేకపోయినా, ఆంప్లిఫయరులో చిన్న లోపము వచ్చిననాడు సరఫరా వోల్టేజి తిన్నగా తంత్రులమీదికి రాగలదు. ఎడమచేయి తంత్రులమీద ఉండగా పెదవులు మైకునకు తగిలితే విద్యుత్తు శరీరము గుండా ప్రవహిస్తుంది. డెల్టాలో క్రిస్మసునకు, సంక్రాంతికి పందిళ్ళు వేసేది ఎక్కువగా వరికోతలైన పొలాలలోనో, తడి నేలమీదనో. ప్రమాదము ఇంకా ఎక్కువ.

మా విద్యార్థి తెచ్చిన ఎక్స్‌టెన్షను పెట్టెకు రెండు ముళ్ళ ప్లగ్గు ఉన్నది. "దీనితో శబ్దము కొంచెము తగ్గుతుందని మార్చినాము, మాస్టారూ" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు గుండె ఝల్లుమన్నది. గుర్రుమనే శబ్దము తగ్గించుటకు ఎర్తును తీసివేయుట ఎన్నటికీ తగదు. మూడు ముళ్ళ ప్లగ్గు, ఎలక్ట్రీషియను పరీక్షించిన ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే సరఫరాను నిలిపివేసే స్విచ్చి - ఈ మూడు లేని వేదికమీద విద్యుత్ వాద్యము పట్టరాదు. మైకు తగిలినప్పుడు జివ్వుమన్నదంటే వెంటనే వాయించుట ఆపి సరఫరా కట్టివేయించాలి. ఆంప్లిఫయరు మూతను విద్యార్థులు విప్పరాదు. దానిలోని కెపాసిటర్లలో ప్లగ్గు తీసిన తరువాత కూడ విద్యుత్తు నిలువ ఉండవచ్చును.

కూడబెట్టిన డబ్బులో మొదటి భాగము మంచి ఎక్స్‌టెన్షను పెట్టె కొనుటకే పోయినది. క్రిస్మసు కార్యక్రమము నిర్విఘ్నముగా జరిగినది.

మరి పికప్ ఎప్పుడు మార్చాలి?

ఇంత చెప్పి పికప్ మార్చనే వద్దని నా ఉద్దేశము కాదు. అతుకులు, తంత్రులు, ఎత్తు, కేబులు, ఎర్తు అన్నీ సరిచూసిన తరువాత కూడ మిగిలిన కొరత ఏదో అదే పికప్ కొరత. మా విద్యార్థికి మిగిలినది ఒకటే. ఒక పికప్‌నే వాడినప్పుడు, వేదికప్రక్క దీపాల ట్రాన్స్‌ఫార్మరు ఉన్నప్పుడు, శబ్దము ఇంకా వస్తున్నది. దానికి రెండు చుట్టల పికప్‌లే తగిన మందు. వేసవి సెలవులలో అతడు అదే పరిమాణము గల రెండు చుట్టల పికప్‌ల జతను కొని, నా ఎదుటనే బిగించినాడు.

బిగించేముందు ఒక పని చేయించినాను. అవే తంత్రులు, అదే కేబులు, అదే ఎత్తు. నాలుగు తంత్రులను వరుసగా మీటి సెల్‌ఫోనులో రికార్డు చేయించినాను. మార్చిన తరువాత మరల అట్లే చేసినాము. రెండు రికార్డులను ప్రక్కప్రక్కన వింటే గుర్రుమనే శబ్దము దాదాపు పోయినట్లు స్పష్టముగా తెలిసినది. స్వరపు రంగులో మార్పు మాత్రము అతడు ఊహించినంత లేదు. "చోటు అదే కదా, మాస్టారూ" అని తానే నవ్వినాడు.

ఒక్కసారి ఒక్క మార్పే చేయాలి. మార్పుకు ముందు, తరువాత కొలిచి చూడాలి. ఫారడే తన తీగచుట్టతోను, అయస్కాంతముతోను చేసినది ఇదే. సోనోమీటరు, దిక్సూచి, మల్టీమీటరు, ఒక పాత రిలే - ఈ నాలుగు ఉన్న ఏ పాఠశాలలోనైనా ఈ పాఠమును పిల్లలు చెవితో వినవచ్చును. విద్యుదయస్కాంత ప్రేరణ అధ్యాయము వచ్చినప్పుడు ఉపాధ్యాయులు తరగతిలో ఎవరింట వీణయో, గిటారో ఉన్నదేమో అడిగి చూడండి. ఆ రోజు పాఠము పిల్లలు మరువరు.